వెంకటరమణప్ప వెతికిన పేర్లు

వానాకాలం మొదలైతే మా మ్యూజియంలో బొమ్మల గది తలుపు తీయగానే తోలు వాసన గుప్పుమంటుంది. తడిగాలికి మెత్తబడిన మేకతోలు, దాని వెనక పాత రంగుల చేదు. ఈ ఉదయం కూడా తాళం తీసి గుమ్మంలో కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు వెంకటరమణప్ప గారు గుర్తుకొస్తారు. ఆయన చిత్రకారుడు కాదు, పండితుడు కాదు. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బస్సులో కండక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గరికి జీతం లేని పనికి వచ్చిన మనిషి. బొమ్మను ఎలా చూడాలో కాలేజీలో నేర్చుకున్నానని అనుకున్న నాకు, ఆ పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పింది ఆయనే.

చిక్కబళ్ళాపురంలో మాది చిన్న ఆర్ట్ మ్యూజియం. ఒక వర్తక కుటుంబం తమ పాత పట్టుగూళ్ళ గోదామును బాగుచేయించి, తాత కాలం నుంచి కూడబెట్టిన చిత్రాలు, తోలుబొమ్మలు అందులో పెట్టించింది. బెంగళూరులో చిత్రకళ చదివి వచ్చిన నాకు దాన్ని అప్పగించారు. తెరిచిన రెండో ఏడు ఒక మధ్యాహ్నం ఆయన లోపలికి వచ్చారు. తెల్లటి పంచె, భుజాన సంచి. చిత్రాలన్నీ దాటుకుంటూ పోయి, తోలుబొమ్మల గదిలో మనిషంత ఎత్తున్న ఒక నర్తకి బొమ్మ ముందు ఆగిపోయారు. ఆ బొమ్మకు నడుము నుంచి పాదం దాకా నీటి మరక ఉంది. అక్కడ తోలు ముడుచుకుపోయి రంగు చెదిరింది. అరగంటైనా ఆయన కదలలేదు. తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి, తనది బాగేపల్లి అని, ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నానని, వారానికి మూడు రోజులు వచ్చి ఏ పని చెబితే అది చేస్తానని అన్నారు. బస్సు ఖర్చైనా ఇస్తామంటే వద్దన్నారు. ఆ వయసు మనిషి అంత దూరం నుంచి వారం వారం ఏం వస్తారులే అనుకుని సరేనన్నాను.

ఆయన వచ్చారు. వచ్చిన వారానికే నా తప్పొకటి పట్టుకున్నారు. తోలుబొమ్మలను నేను తెల్లగోడకు ఆనించి, ఎదురుగా ఖరీదైన దీపాలు పెట్టించాను. ఆయన చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి మెల్లగా అన్నారు. "దీపం ఎనకాల ఉండాలమ్మా. ముందర పెడితే అది ఒట్టి తోలే." నాకు చురుక్కుమంది. చదువుకున్నదాన్ని నాకు తెలియదా అని మనసులో గొణుక్కున్నాను. అయినా మర్నాడు ఒక బొమ్మను కిటికీ ముందు పట్టుకుని చూశాను. గోధుమరంగు మచ్చలా ఉన్న చీర ఎర్రగా భగ్గుమంది. పొడిచిన ఒక్కొక్క చిల్లు నుంచీ వెలుతురు ముత్యంలా రాలింది. నెల తిరక్కుండా ఆ గదిలో దీపాలన్నీ బొమ్మల వెనక్కి మార్పించాను. ఆయన మాత్రం ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. పైగా వచ్చినవాళ్ళకు "మా మేడమ్ చేయించినారు" అని చెప్పేవారు.

మ్యూజియానికి జనం రారని నేను దిగులుపడుతుంటే ఆయన బస్టాండుకు వెళ్ళి, బస్సు తప్పిపోయి కూర్చున్నవాళ్ళను పిలుచుకొచ్చేవారు. ఆస్పత్రి పనిమీద వచ్చిన పల్లెటూరి ఆడవాళ్ళు, కచేరికి అర్జీ ఇవ్వడానికి వచ్చిన రైతులు చెప్పులు గుమ్మంలోనే విడిచి బెరుకుగా లోపలికి వచ్చేవారు. ఆయన ఏమీ వివరించేవారు కాదు. ఒక చిత్రం ముందు నిలబెట్టి, ముందు ఏం కనిపిస్తోందని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా ఉండేవారు. ఒకసారి చింతామణి దిక్కు నుంచి వచ్చిన ఒక అమ్మ వేరుశనగ చేను బొమ్మను చూసి, చేను వాడుతోందని, ఈ బొమ్మ వేసినాయన వాన కోసం చూస్తూ వేసి ఉంటాడని అంది. నేను దాని కింద 'పచ్చని పొలం' అని చీటీ పెట్టి ఉన్నాను. దగ్గరికి పోయి చూస్తే ఆమె చెప్పిందే నిజం. ఆకుల అంచులన్నీ ముడుచుకుని ఉన్నాయి.

ఆ రోజుల్లోనే మా సేకరణ గురించి నేను రాసిన పుస్తకం అచ్చయింది. నా పేరుతో వచ్చిన మొదటి పుస్తకం. ఒక ప్రతి ఆయనకిచ్చాను. అద్దాలు పెట్టుకుని పుట పుటా తిరగేసి, నర్తకి బొమ్మ ఉన్న పుట దగ్గర వేలు ఆపారు. దాని కింద 'కళాకారుడు తెలియదు' అని ఉంది.

"తెలీదని రాసినారు. ఎవురినైనా అడిగినారామ్మా?"

అడగలేదని ఒప్పుకున్నాను. బొమ్మలు కొన్న కుటుంబం పాత కాగితాల్లో 'బాగేపల్లి తాలూకా' అని మాత్రం ఉంది. దాన్ని పట్టుకుని నేను ఒక్క ఊరైనా తిరగలేదు. ఆయన నన్ను తప్పుపట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని తన తప్పు చెప్పుకున్నారు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఒక వాన సాయంత్రం, కైవారం జాతర జనంతో బస్సు కిక్కిరిసి వస్తోందట. దారిలో ఒక తోలుబొమ్మల కుటుంబం పెద్ద వెదురు పెట్టెతో ఎక్కింది. తోలు కంపు కొడుతోందని, దింపేయమని ప్రయాణికులు గొడవ చేశారు. వెనక సీటు కింద చోటు ఉంది. అయినా పదిమందికి ఎదురుచెప్పలేక ఆయన వాళ్ళను పొలాల మధ్య దింపేసి విజిల్ వేశారు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, ఆ ఇంటి కోడలు తన తలమీది గోనెపట్ట తీసి పెట్టె మీద కప్పుతోంది.

"ఆ పెట్టెలోని బొమ్మే ఇది అని నేను చెప్పలేనమ్మా. ఈ మరక చూసినప్పటి నుంచీ నాకు అన్నం సయించదు," అన్నారు.

మ్యూజియానికి సోమవారం సెలవు. ఆ తర్వాతి సోమవారాలన్నీ మేమిద్దరం బస్సుల్లో తిరిగాం. ఏ ఊళ్ళో ఎవరు ఎక్కేవారో, ఎవరి పెళ్ళి ఎక్కడ జరిగిందో ఆయనకు కంఠతా వచ్చు. టీ అంగడి దగ్గర, రచ్చకట్ట దగ్గర కూర్చుని ముందు వాళ్ళ యోగక్షేమాలన్నీ విన్నాకే మా సంగతి ఎత్తేవారు. అలా అడుగుతూ అడుగుతూ పాతపాళ్యం అవతల ఒక చిన్న ఊళ్ళో అంబూబాయి అనే ముసలమ్మను పట్టుకున్నాం. ఒకప్పుడు తెర వెనక పాట పాడిన మనిషి. వాకిట్లో కూర్చుని ఎవరికో కూలికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నేను ఫోనులో నర్తకి బొమ్మను చూపించగానే ఆమె చేతులు ఆగిపోయాయి. "మా ఇంటి బొమ్మ ఇది," అంది. తోలు కోసింది తన మామ గోవిందరావు అని, రంగు వేసింది అత్త తుంగాబాయి అని చెప్పింది.

అప్పుడు వెంకటరమణప్ప గారు ఆమె ఎదుట నేలమీద కూర్చున్నారు. ఆ వాన సాయంత్రం సంగతి ఏదీ దాచకుండా చెప్పి చేతులు జోడించారు. ఆమె ఒళ్ళోని పొట్టు దులుపుకుని అంది.

"ఎంతమంది దింపినారో అప్పా. నిన్నొక్కణ్ణే యాడ గుర్తుపెట్టుకునేది?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే తట్టుకోవడం కష్టమైంది. ఆ మరక గురించి అడిగితే, ఏ వానలో తడిసిందో తనకు తెలియదంది. తిరుగు బస్సులో ఆయన బాగేపల్లి దాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు. ఇక ఈయన రారేమో అనుకున్నాను. బుధవారం పొద్దున నాకంటే ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "ఆ ఇద్దరి పేర్లూ రాయల్ల గదమ్మా," అన్నారు.

పుస్తకం తప్పని రాస్తే పరువు పోతుందని, ఎవరూ పట్టించుకోరని మ్యూజియం కమిటీలో ఒకరిద్దరు నన్ను వారించారు. ఆయన నాకు ఏ సలహా ఇవ్వలేదు. నేను ఎవరినీ అడగలేదని, తప్పు నాదేనని కమిటీకి ఉత్తరం రాసిచ్చి, ప్రతి పుస్తకంలో సవరణ కాగితం అతికించాను. అతికించే పనిలో సగం ఆయనే చేశారు. అంబూబాయిని పిలిపించిన రోజు ఆమె కొత్త చీటీ మీది పేర్లను చదివించుకుని విని, బొమ్మ మోచేతి ముడి తప్పు కట్టారని నన్ను కోప్పడి, తానే విప్పి కట్టింది. తర్వాత వెనక దీపం పెట్టించి బొమ్మను ఆడించింది. పాట మొదటి చరణం దాటకముందే గొంతు బొంగురుపోయింది. వెంకటరమణప్ప గారు గదిలో అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడి విన్నారు.

ఆ తర్వాత ఆయన ఐదేళ్ళు మా దగ్గర పనిచేశారు. మరో పదకొండు బొమ్మలకు పేర్లు వెతికిపెట్టారు. పోయిన ఏడు జబ్బుచేసి, వారం రోజుల్లోనే పోయారు. క్షమించానన్న మాట ఆయనకు ఎవరినుంచీ దక్కలేదు. దక్కలేదని పనీ ఆపలేదు.

ఆయన పోయిన నెలకు నేను ఒంటరిగా చింతామణి వెళ్ళాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్కడ అంగళ్ళకు బోర్డులు రాసే ఒక పెద్దాయన తన చిత్రాలను చుట్టగా చుట్టి మా మ్యూజియానికి తెచ్చారు. ఆయన చేతుల మీది పెయింటు మరకలు చూసి, ఇది అలాంటి చోటు కాదని చెప్పి పంపేశాను. పేరైనా అడగలేదు. ఇప్పుడు మూడు వీధులు తిరిగి, నలుగురిని అడిగి ఆయన ఇంటి గుమ్మంలో నిలబడితే, గుర్తుపట్టరేమోనని కాదు, గుర్తుపడతారేమోనని నాకు భయమేసింది.

ఆయన వెంటనే గుర్తుపట్టారు.

"చుట్ట ఇప్పకుండానే పంపిస్తిరి గదమ్మా," అన్నారు.

అవునన్నాను. సాకులేమీ చెప్పకుండా అరుగు మీద కూర్చుని ఆయన పేరు అడిగాను. నోటుపుస్తకం తీసి రాసుకుని, ఇప్పుడు విప్పి చూపించమని బతిమాలాను. ఆయన లేచి లోపలికి వెళ్ళారు. అటక మీంచి ఏదో దించుతున్న చప్పుడు వినిపించింది.