ఎడమ చేతి చరుపు

1996. సికింద్రాబాద్ సివిల్ కోర్టులో నేను వకీలుగా కుదురుకుంటున్న రోజులు. జనరల్ బజార్‌లో మాది గుడ్డల కొట్టు. అందుకేనేమో, జడ్జి ముందు వాదించడం కన్నా వరండాలో బేరం తెంచడమే నాకు బాగా అబ్బింది.

బోయిగూడ కట్టెల అడితిలో పనిచేసే వడ్రంగి యాదగిరి నా దగ్గరికి వచ్చాడు. ఆదివారాలు ఆ అడితి వెనక దొంగచాటుగా పందెం కుస్తీలు జరిగేవి. అక్కడే నర్సింగ్ అనే వస్తాదు అతని కుడి భుజం విరిచేశాడు. ఆపరేషన్ అయితే తప్ప మళ్లీ చిత్రిక పట్టలేడు. ఆ ఖర్చు కోసం నర్సింగ్ మీద డ్యామేజెస్, అంటే నష్టపరిహారం, దావా వేశాం.

ఎదుటి వకీలు వాదన ఒక్కటే: కన్సెంట్. ఇష్టపడి బరిలోకి దిగినవాడు దెబ్బ తగిలిందని అడగకూడదు. పైగా ఆ కుస్తీయే చట్టవిరుద్ధం. జడ్జిగారు ఆ మాటలకు తల పంకిస్తూనే ఉన్నారు. విరామంలో ఆ వకీలు, రాజీకొస్తే ఆపరేషన్ ఖర్చులో పావు వంతు ఇప్పిస్తానన్నాడు. నాలో కొట్టు బుద్ధి లేచింది.

"ఒప్పుకో యాదగిరీ. ఓడితే అది సుత రాదు."

"పావు ఆపరేషన్ చేస్తడా వకీల్ సాబ్, డాక్టరు?"

రాజీ మాట పక్కనపెట్టి అడిగాను: "మీ కుస్తీల చాలని ఎట్ల చెప్తరు?"

"అరచేత్తోటి నేల చరుస్తం. చరిస్తే ఇడిచిపెట్టాలె. నేను చరిచిన. ఆడు ఇడువలే."

చూసినవాళ్లంతా పందెం కాసినవాళ్లే. పోలీసులకు భయపడి ఒక్కడూ సాక్ష్యానికి రాడు. ఇక మిగిలింది నర్సింగే. అతను కాదంటే యాదగిరి చెయ్యి అంతటితో సరి.

క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షాన్ని నేను ప్రశ్నించే వేళ, నర్సింగ్ బోనెక్కాడు. యాదగిరి నేల చరిచాడా అని సూటిగా అడిగితే లేదనేస్తాడు. అందుకని అతని పరువునే గిల్లాను.

"నేల చరిచినా వదలవు. నువ్వేం వస్తాదువయ్యా?"

నర్సింగ్ మొహం ఎర్రబడింది. అతని వకీలు లేచేలోపే అరిచాడు: "ఏందీ సార్ గట్లంటవ్! ఉస్తాద్ నేర్పిన కాయిదా కానూను నాకెరుక. వీడు చరిచింది ఎడమ చెయ్యి! ఎడమ చెయ్యి లెక్కల రాదు!"

"మరి కుడి చెయ్యి ఎక్కడుండె?"

"నా కిందనే ఉండె గదా!"

జడ్జిగారు కలం అందుకున్నారు.

తీర్పులో, కోరి దిగినందుకు కొంత కోత వేసి, తక్కిన ఖర్చంతా ఇమ్మన్నారు. మెట్ల దగ్గర నర్సింగ్ నన్ను ఆపాడు.

"జెర చెప్పు సార్, ఎడమ చెయ్యి సుత లెక్కనేనా?"

నిజంగానే అర్థం కాక అడిగాడు.

ఇప్పటికీ "వాడు ఒప్పుకునే వచ్చాడండీ" అంటూ ఎవరైనా నా ముందు కూర్చుంటే, ఎందాకా ఒప్పుకున్నాడు, వద్దన్నప్పుడు మీరేం చేశారు అని అడుగుతాను. చాలామంది మొదటిదానికి గబగబా చెప్తారు. రెండోదానికి మంచినీళ్లు అడుగుతారు.