తాళాలు మార్చిన మేనత్త

మా మేనత్త పోయిన కబురు నాకు పలాస ఆసుపత్రిలో, సర్వర్ గది తలుపు దగ్గర తెలిసింది. బారువ నుంచి మా చిన్నాన్న ఫోన్ చేశాడు. "అమ్మీ, అత్త టీ తాగి కుర్చీలో కూకుంది. మరి లెగలేదు" అన్నాడు. గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడట. అప్పుడే మధ్యాహ్నం షిఫ్టు డయాలసిస్ మొదలైంది. మా ఆసుపత్రి నడిచే నాలుగు ఊళ్లలోనూ ఒక్క మంచం దగ్గర కూడా పని ఆగలేదు. ఏడుస్తూనే ఆ సంగతి గమనించాను. గమనించి గర్వపడ్డాను కూడా. ఆ గర్వం ఎందుకో ఆమెను ఎరగని మీకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది బారువలో చేపల వేట మీద బతికిన కుటుంబం. ఇంటి ఆడవాళ్లు ఎండుచేపలు బుట్టలకెత్తుతున్న కాలంలో అత్త బస్సెక్కి వెళ్లి డిప్లొమా చదివింది. టెలిఫోన్ శాఖలో చేరి ముప్పై ఏళ్లకు పైగా ఎక్స్‌ఛేంజీల్లో పనిచేసింది. రిటైరయ్యాక నెల తిరక్కుండానే పలాసలో కొందరు జీడిపప్పు వ్యాపారులు కలిసి నడిపే చిన్న కిడ్నీ ఆసుపత్రిలో కంప్యూటర్ల బాధ్యత తీసుకుంది. ఆ ఆసుపత్రికి టెక్కలి, వజ్రపుకొత్తూరు, బారువల్లో మూడు డయాలసిస్ కేంద్రాలున్నాయి. అన్నింటికీ కలిపి కంప్యూటర్ మనుషులం ఇద్దరమే, అత్తా నేనూ.

నేను అక్కడ చేరడం వెనక ఒక కథ ఉంది. మా నాన్నకు కిడ్నీ జబ్బు. మా ఉద్దానం ఊళ్లలో అది వింత కాదు. నాకు సంబంధం కుదిరి, తాంబూలాలు పుచ్చుకోబోతుండగా నాన్న రక్తపరీక్ష చీటీ ఫొటో ఒకటి ఫోన్లలో తిరిగింది. ఎవరి చేతిలోంచి బయటపడిందో ఇప్పటికీ తెలియదు. పెళ్లికొడుకు తరఫు పెద్దలు మర్యాదగానే వచ్చి, ఆ జబ్బు కూతురికీ రావచ్చన్న భయంతో మర్యాదగానే మాట వెనక్కి తీసుకుని వెళ్లారు. నాన్న ఆ రోజు నాకు ముఖం చూపించలేదు. వారం తర్వాత అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. "మీ నాన్న రక్తం సంగతి బజార్లో ఎవుడు పెట్టినాడో నాకు తెల్దు. ఇంకొకలది ఎల్లకుండా సూద్దాం. నివ్వు బీటెక్కు సదివినావు కదా, రా" అంది. వెళ్లాను. పదేళ్లయింది.

ఆమెను ఆసుపత్రిలో అందరూ మేడమ్ అనేవారు. ఫోన్ ఎత్తగానే హలో అనేది కాదు, "సెప్పండి, ఇనపడతంది" అనేది. సంచిలో కళ్లజోడు పక్కన టెస్టర్ ఉండేది. కంప్యూటర్ ఏ రంగు లైటు వెలిగిస్తున్నా ముందు దాని వీపు మీద చెయ్యి పెట్టి వేడి చూసేది. పాస్‌వర్డ్ అనే మాట ఆమె నోట వినలేదు. తాళం అనేది. కోపం ఎక్కువ. కొత్త ప్రింటర్‌ని ఎవరైనా అడక్కుండా వైర్లకు తగిలిస్తే ఆ రోజు ఆమె తిట్లకు వాళ్లకు టీ కూడా రుచించేది కాదు.

మూడేళ్ల క్రితం వరకూ మా పని కాస్త తేలికే. మోసపు మెయిల్ వస్తే అందులోని తప్పుల తెలుగే దాన్ని పట్టించేది. తర్వాత ఏఐ వచ్చింది. దొంగ మెయిలు మా గుమాస్తా రాసిన దానికన్నా శుభ్రంగా ఉండటం మొదలైంది. అత్త చాలాసేపు అలాంటిదొకటి చదివి, "వాడి సేతికి ఏఐ వచ్చినపుడు మన సేతికీ ఉండాల" అంది. ఆసుపత్రి కంప్యూటర్ల అలవాట్లను నేర్చుకుని, అలవాటు తప్పితే హెచ్చరించే ఏఐ కావలి ఒకటి పెట్టించింది. మొదట్లో అది మా ప్రాణాలు తోడింది. తుఫానుకు ఆదివారం డ్యూటీ చేస్తే హెచ్చరిక, నర్సు సెలవు నుంచి తిరిగొస్తే హెచ్చరిక. నేను విసుక్కుంటే అత్త, "అనుమానపడ్డం దాని పని. అడిగి తెలుసుకోడం మన పని. రెండూ అదే సేసీమంటే ఎలాగ?" అనేది. ప్రతి హెచ్చరికకూ మా ఇద్దరిలో ఒకరు ఫోన్ చేసి మనిషితో మాట్లాడాలని నియమం పెట్టింది.

ఆ నియమం విలువ ఒక సోమవారం ఉదయం తెలిసింది. టెక్కలి కేంద్రంలోని కంప్యూటర్ రోగుల ఫైళ్లను వరసపెట్టి తెరుస్తోందని కావలి చెప్పింది. పేరు చూస్తే అక్కడి హెడ్‌నర్సుది. అత్త ఆమెకు ఫోన్ చేసింది. "నేను మంచం దగ్గరున్నాను మేడమ్, సూది పెడతన్నాను" అంది ఆ నర్సు.

"మరి నీ కుర్చీలో ఎవులున్నారు?"

"ఎవులూ లేరు."

"బేగెల్లి ఆ కంప్యూటర్ ఎనక నీలం తీగ ఉంతాది, పీకీ."

తీగ పీకిన రెండు నిమిషాలకు ఆసుపత్రి ఛైర్మన్ గారి ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో నేనూ విన్నాను. అదే గొంతు, వాక్యం మధ్యలో అదే చిన్న దగ్గు. టెక్కలి లైను పోయిందనీ, రోగులు కాచుకుని ఉన్నారనీ, విశాఖ కంపెనీ అతను బయట నుంచి సరిచేస్తాడు కాబట్టి అతనికి వెంటనే లోపలికి దారి ఇవ్వమనీ అన్నారు. అత్త, "అలాగేనండి, నాను తిరిగి సేత్తాను" అని పెట్టేసింది. ఆయన ఇంటి నంబరుకు చేసింది. భార్య ఎత్తి, "ఆయన గెడ్డం గీసుకుంటన్నారు. ఫోన్ ఛార్జింగులో ఉంది కదమ్మా" అంది. సబ్బు నురుగుతోనే ఆయన లైనులోకి వచ్చారు. తను అసలు ఎవరికీ ఫోన్ చెయ్యలేదన్నారు.

ఫోన్ పెట్టాక అత్త కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. నేను నీళ్లిచ్చాను. "ఒలే, అది ఆయన గొంతే అనుకున్నాను. ముప్పై ఏళ్లు గొంతులిని బతికినదాన్ని, నా సెవులే మోసపోనాయి" అంది.

"మరి దారి ఎందుకు ఇవ్వలేదత్తా?"

"నమ్మక కాదే. నమ్మినా సరే దారి అడిగినోలకి తిరిగి ఫోన్ సెయ్యాలని మనమే గోడ మీద రాసుకున్నాం కదా."

ఆ రోజు టెక్కలిలో కాగితాల మీద చార్టులు రాసుకుంటూ డయాలసిస్ పూర్తి చేశారు. ఇలా కాగితాల మీద రాయడం నెలకోసారి అత్త బలవంతాన సాధన చేయించేది, అందరూ తిట్టుకునేవారు. మధ్యాహ్నానికల్లా నిల్వ కాపీ నుంచి కంప్యూటర్ను తిరిగి నిలబెట్టాం. తెరిచిన ఫైళ్లలో ఒక్కటి కూడా బయటికి పోలేదు. డ్యూటీల మార్పు అని వచ్చిన మెయిలులో లింకు తనే నొక్కానని హెడ్‌నర్సు సాయంత్రం ఏడుస్తూ చెప్పింది. ఉద్యోగం పోతుందని ఆమె భయం. "నొక్కినందుకు కోపం లేదమ్మా. నాకూ అలాంటి గొంతే వచ్చింది, నాను నమ్మీసినాను. పొద్దున్నే సెప్పుంటే ఇంకా బేగి పీకుదుం" అంది అత్త. తర్వాత మిగతా కేంద్రాల వాళ్లకు ఆ మెయిలు గురించి చెప్పే పని ఆ నర్సుకే అప్పగించింది.

అందరం గెలిచామని లడ్డూలు పంచుకుంటుంటే అత్త మాత్రం తినకుండా కూర్చుంది. నాలుగు ఊళ్ల మధ్య తీగల మీద రోజూ పోయే రికార్డుల గురించి ఆమె దిగులు. అవి తాళం వేసే పోతాయి. ఆ తాళానికి ఆధారం ఒక చిక్కులెక్క. మామూలు కంప్యూటర్లకు అది విప్పడం సాధ్యం కాదు. క్వాంటం కంప్యూటర్లనే కొత్తరకం యంత్రాలు తగినంత పెద్దవైన రోజున విప్పుతాయి. ఆ రోజు ఎప్పుడో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అయితే దొంగ ఇప్పుడే అంతా పట్టి దాచుకుని, ఆ రోజు కోసం కాచుకుని ఉండగలడు.

ఆసుపత్రి నడిపే వ్యాపారుల ట్రస్టు సమావేశంలో ఆమె ఈ మాట చెబితే ఒక పెద్దాయన నవ్వారు. "బేంకులే ఇంకా పూర్తిగా మార్చలేదు. మనకేటమ్మా తొందర?" అన్నారు.

అత్త లేచి నిలబడింది. "బేంకు కార్డు పోతే కొత్తది ఇత్తారండి. మనోల రక్తం సంగతి బయటపడితే కొత్త రక్తం ఎవులిత్తారు? ఈయాల తండ్రితో మన కాడికొచ్చే గుంటలకి ఐదారేళ్లు. ఆల పెళ్లీడుకి ఆ తాళాలు తెరుసుకుంటే? అప్పుడు మనం ఉండం. ఉండం గాబట్టే ఇప్పుడు సెయ్యాల" అంది. నాకేసి ఒక్కసారి కూడా చూడలేదు. గదిలో ఉన్న అందరికీ నా సంగతి తెలుసు. నవ్విన పెద్దాయనే ముందుగా సరే అన్నారు.

ఏడాది పట్టింది. మొదటి ఆరు నెలలు కేవలం ఎక్కడెక్కడ తాళాలున్నాయో వెతికాం. మాకు తెలియని చోట్ల కూడా దొరికాయి, హాజరు మిషన్లో, ల్యాబ్ యంత్రంలో, ఎవరూ వాడని ఒక పాత ట్యాబ్లెట్లో. ప్రతిదీ అత్త పొడుగు నోటుపుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. తర్వాత పాత తాళం ఉండగానే దానికి తోడు క్వాంటంకు తట్టుకునే కొత్త తాళం వేస్తూ వచ్చాం. ఇందుకు క్వాంటం కంప్యూటర్ అక్కర్లేదు, ఉన్న కంప్యూటర్లే చాలు. అది చెబితే ఛైర్మన్ గారు రెండుసార్లు అడిగి మరీ నమ్మారు.

డయాలసిస్ ఉండని ఒక ఆదివారం ఆసుపత్రినీ మూడు కేంద్రాలనూ ఒకేసారి కొత్త దారికి మార్చాం. టెక్కలి కలిసింది. బారువ కలిసింది. వజ్రపుకొత్తూరు కలవలేదు. పదిసార్లు ప్రయత్నించి నేను పాత పద్ధతికి వెళ్లిపోదామన్నాను. అత్త ఒప్పుకోలేదు. జీపులో ఇద్దరం కొబ్బరితోటల మధ్య నుంచి వెళ్లాం. అక్కడ మూలనున్న పాత నెట్‌వర్క్ పెట్టె వీపు మీద చెయ్యి పెట్టి, "కొత్త తాళంసెవి పెద్దది. ఈ ముసిల్దాని గొంతులో దిగట్లేదు" అంది. నిజంగా అదే జరుగుతోంది. పాత పెట్టె ఆ పెద్ద సందేశాన్ని దారిలోనే పారేస్తోంది. తెచ్చుకున్న కొత్త పెట్టె బిగించాం. సాయంత్రం నాలుగున్నరకు మొదటి రికార్డు పలాస చేరింది. అత్త నేల మీదే చతికిలబడి, నేనెప్పుడూ చూడనంత సేపు నవ్వింది.

ఆ వేసవిలో బయటి నిపుణులు ముగ్గురు వచ్చి వారంపాటు మా గోడలన్నీ తట్టి చూశారు. మా అనుమతితోనే దొంగల్లా ప్రయత్నించారు, ఏఐతో గొంతులు కూడా తయారు చేసుకొచ్చారు. లోపలికి రాలేకపోయారు. గొంతు మార్చి ఫోన్ చేసిన ప్రతిసారీ, "తిరిగి సేత్తానండి" అనే జవాబే వచ్చిందని నవ్వుతూ నివేదిక ఇచ్చారు. దాంతో విశాఖలో పెద్ద కంపెనీల కంప్యూటర్ అధికారుల సభకు అత్తను పిలిచారు. ఆమె నేత చీర కట్టుకుని వెళ్లి మా యాసలోనే మాట్లాడింది. చివర్లో ఒకాయన, "ఈ పని మీకు ఏ కన్సల్టెన్సీ చేసింది మేడమ్?" అని అడిగాడు. అత్త నన్ను వేలితో చూపించి, "అదిగో, మా అన్న కూతురు" అంది. హాలంతా చప్పట్లు. తిరిగొచ్చాక నాలుగు కంపెనీలు ఆ నోటుపుస్తకం నకలు అడిగి తీసుకున్నాయి. మా నాన్న అప్పటికి ఇంకా ఉన్నాడు. ఆ సభ ఫొటోను మంచం పక్కన పెట్టుకుని, వచ్చిన ప్రతి నర్సుకూ చూపించాడు.

అత్త నాకు మొహమాటం లేకుండా పని నేర్పింది. పొగిడింది తక్కువ. తను లేకపోయినా అన్నీ నడవాలని ఆమె పట్టుదల, అవి నడుస్తున్నాయి.

అస్థికలు కలిపే రోజు ఉదయం బారువ తీరానికి నాలుగు ఊళ్ల నుంచి డ్యూటీ లేనివాళ్లంతా వచ్చారు. చిన్నాన్న కుండ పట్టుకుని పడవెక్కాడు. మావాళ్లు పడవను అలల్లోకి తోశారు. మొదటి కెరటానికి ముక్కు పైకి లేచింది, రెండోదానికి పక్కకి ఒరిగింది, మూడోది దాటాక సాఫీగా సాగిపోయింది. చీరల అంచులు తడుస్తున్నా పట్టించుకోకుండా నర్సులు మోకాలి లోతు నీళ్లలోకి దిగారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, రైలెక్కిన మనిషికి వీడ్కోలు చెప్పినట్టు ఒక్కొక్కరే చేతులు ఊపసాగారు. పడవ చుక్కంత అయ్యేదాకా ఊపుతూనే ఉన్నారు.