తాళం వేసిన గదిలో గొంతు

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. మా ఆయన మీద ఒట్టు వేద్దామంటే, ఆ మనిషి మీద నాకింకా కోపం పోలేదు. అందుకే నా రెండు కళ్ళ మీద ఒట్టు. ఇది కల కాదు... నేను విన్నాను.

మాది జనగామ. కింద కిరాణా హోల్‌సేల్ దుకాణం, పైన కాపురం. దుకాణం వెనకాల పాత గోదాములో మా ఆయన గ్రంథాలయం పెట్టారు. కథల పుస్తకాలో, పరీక్షల పుస్తకాలో అయితే నలుగురూ వచ్చేవాళ్ళు. ఇది యుద్ధాల గ్రంథాలయం! ఏ పటాలం ఎక్కడ పోరాడింది, ఏ కొండ మీద ఎవరు నిలిచారు... అన్నీ అవే. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో చేరబోతే ఛాతీ కొలత చాలక వెనక్కి పంపారట. ఆ దుగ్ధ ఇలా తీర్చుకుంటున్నారు. ఉప్పూ పప్పూ మీద వచ్చిన లాభమంతా ఆ బీరువాల్లోకే పోతుంది. మనిషి సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు. అట్టల సవతిని ఏం చేస్తాం?

పుస్తకాలన్నీ దాదాపు ఇంగ్లీషే. ఊళ్ళ నుంచి సైనికుల ఇళ్ళవాళ్ళు వస్తారు. తమ మనిషి పనిచేసిన పటాలం పుస్తకం తీయించుకుంటారు. ఈయన ఒక్కో వాక్యం చదివి, ఆగి, తెలుగులో చెబుతారు. అలా వచ్చేవాళ్ళలో కమ్లి ఒకతె. కొడకండ్ల దగ్గర తండా. భర్త సరిహద్దులో, మంచు కొండల మీద పోయాడు. జనగామ వచ్చిందంటే ముందు గోదాములోకే. ఈయన చదవడం, ఆమె ఊఁ కొట్టడం. నాతో రెండు మాటలు మాట్లాడమంటే ఆవులించే మనిషి, ఆమె కోసం లంబాడీ ముక్కలు కూడా నేర్చుకున్నారు. ఆమె మంచిదే, పాపం. అయినా నా కడుపు మండేది. దాచడమెందుకు?

మొన్న వానాకాలంలో ఒకరోజు "ఘనపూర్ పోయొస్త, ఒక సుబేదారు ఇంట్ల పుస్తకాలిస్తరట" అని వెళ్ళారు. సాయంత్రం ఫోను చేసి, వాన పడుతోంది, రేపొస్తానన్నారు. ఘనపూర్ అంటే మాకు స్టేషన్ ఘనపూరే. రైలెక్కితే కాసేపటి ప్రయాణం. దానికి రాత్రి ఉండిపోవడమేమిటి? అక్కడే నా బుర్రలో పురుగు తొలిచింది.

రాత్రి కరెంటు పోయింది. వాన తగ్గింది... రేకుల మీంచి చుక్కలు. టప్... టప్... ఆ చుక్కల మధ్య ఇంకో చప్పుడు. సర్ర్... కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత గొంతు సవరించుకోవడం. తర్వాత... చదవడం.

మా ఆయన గొంతే! కింద, గోదాములో. మెత్తగా చదువుతున్నారు. మధ్యలో ఒక ఆడగొంతు... ఊఁ... ఊఁ...

దయ్యమన్న మాట నా బుర్రకే తట్టలేదు. తట్టిన పేరు కమ్లి. భయపడాల్సినదాన్ని, కుళ్ళుతో మెట్లు దిగాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

గోదాముకు ఒక్కటే తలుపు. టార్చి వేసి చూశాను. తాళం... బయట వేసే ఉంది. నేనే వేశాను సాయంత్రం. లోపల చదువు ఆగలేదు. చెవి ఆనించాను. తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. లంబాడీ! తడుముకోకుండా చదువుతున్నారు. ఎప్పుడు నేర్చారింతగా? ఒళ్ళు మండిపోయింది. ఫోను చేశాను. లోపల మోగితే దొరికిపోతారు కదా.

లోపల మోగలేదు. కానీ ఎత్తారు.

"ఏందే, గీ యాల్లప్పుడు?"

"ఎక్కడున్నరు?"

"ఘనపూర్ల. చెప్పిన గద."

"గీ పక్కనే ఉన్న ఘనపూర్ల రాత్రి ఉండుడేంది?"

"అయ్యో, స్టేషన్ ఘనపూర్ కాదే, భూపాలపల్లి దిక్కు ఘనపూర్. వానకు బండ్లు బందయినయ్. ఎందుకు పరేషానైతున్నవ్?"

ఆయన మాట్లాడుతున్నారు... ఫోనులో. ఆయన చదువుతున్నారు... తలుపు అవతల. ఈ చెవిలో ఒకరు. ఆ చెవిలో... అదే గొంతు.

ఫోను తలుపు వైపు తిప్పి పట్టాను. ఫోనులో "హలో, హలో" అంటున్నారు. అప్పుడు... లోపల చదువు ఆగింది. ఆడగొంతు, తలుపుకి చాలా దగ్గరగా, నెమ్మదిగా, ఈసారి తెలుగులో...

"జర ఆగు... ఆమె వచ్చింది."

అంతే. నిశ్శబ్దం. చుక్కలు మాత్రం... టప్... టప్...

తాళం ఎలా తీశానో తెలియదు. లోపల ఎవరూ లేరు. ఊడ్చేటప్పుడు కుర్చీలన్నీ బల్ల మీద బోర్లించడం మా అలవాటు. సాయంత్రం నేనే ఊడ్చాను, నేనే బోర్లించాను. రెండు కుర్చీలు కిందున్నాయి... పక్కపక్కనే. అంత భయంలోనూ ఏం చేశానో తెలుసా? ఒక దాన్ని ఎత్తి మళ్ళీ బల్ల మీద బోర్లించాను. ఆ ఆడదాని కుర్చీ ఏదో తెలియక, చేతికందినదాన్ని.

మర్నాడు ఈయన వచ్చి, నేను చెప్పింది విని నవ్వారు. "కలొచ్చింది నీకు. ఫోన్ల నాకు సుక్కల సప్పుడే ఇనొచ్చింది."

"లంబాడీ గంత మంచిగ ఎప్పుడు నేర్చిన్రు?"

"నాకేమొస్తదే? రా, కూసో... గంతే."

తండా దారిలో వాగు తగ్గాక కమ్లి వచ్చింది. మా ఆయన కంటే ముందు నేనే పట్టుకుని, ఆ రాత్రి ఎక్కడున్నావని అడిగాను.

"యాడికొస్తనక్కా? వాగు పొంగి తండా దాటలే."

విన్నదంతా చెప్పాను. ఆడగొంతు సంగతి మాత్రం మింగేశాను. చెబితే ఆమెకూ నా రోగమే అంటుకుంటుంది. కమ్లి నా చెయ్యి పట్టుకుంది.

"మా భాషల చదివిండా? మెత్తగనా?"

"ఊఁ."

"మా ఆయన గట్లనే మాట్లాడేటోడు. గిన్నేండ్లల్ల నాకు ఒక్కపారి ఇనపడలే. నీకెట్ల ఇనబడ్డదక్కా?"

అడిగి, నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ ఆమెను నేను చూసింది దాంతోనే.

"ఒక్క రాత్రి ఈడ పండనియ్యవా?" అంది.

ఆ గొంతు ఆమె మనిషిదైతే, కడుపునిండా వినమనండి, నాకేం? కానీ మా ఆయనదే అయితే? అంత మెత్తటి గొంతు నేను ఒక్కసారే విన్నాను... అదీ తలుపు బయట నిలబడి. ఎవరిదో ఇప్పటికీ తేల్చుకోలేను. చూద్దాంలే అన్నాను కమ్లితో. వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉంది. నేను అదే చెబుతున్నాను.