నేల తాకి లేవడం

కళాకారులూ విశ్వవిద్యాలయాల వాళ్ళూ జోడీగా పరిశోధన చేస్తే నిధులిస్తామని ఒక ఫౌండేషన్ ప్రకటించింది. షరతు ఒక్కటే, ఏ నిర్ణయానికైనా ఇద్దరి ఒప్పుదలా ఉండాలి. ఆ షరతు పెట్టినవాళ్ళకు మా ఇద్దరి సంగతీ ముందే తెలిసినట్టుంది.

నేను నోయిడాలో మా సొసైటీ క్లబ్‌హౌస్‌లో పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. నా జోడీ ఢిల్లీలో శరీరధర్మశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. తెలుగు సైనికుడి కొడుకు, కంటోన్మెంట్‌లో పెరిగాడు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే నర్తకి పడిపోదు కదా, ఆ సాధనలో కొంత పెద్దవాళ్ళకు నేర్పితే వాళ్ళూ పడకుండా ఉంటారా అన్నది మా ప్రశ్న. వాళ్ళను పళ్ళెం ఎక్కించే ధైర్యం నాకు లేదు. సుద్దముక్కతో నేల మీద గుండ్రం గీసి దాని మీద నడిపించాను.

వచ్చినవాళ్ళలో ఘాజియాబాద్ ఆంటీ ఒకరు. భీమవరం వైపు ఆవిడ, ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. బాత్రూంలో జారిపడ్డాక, ఎముకేదీ విరగకపోయినా భయం పట్టుకుంది. చర్చిలో అందరూ మోకరించేటప్పుడు తనొక్కరే కుర్చీలో ఉండిపోయేవారట. "కుర్చీలో కూర్చుంటే ప్రార్థన చేసినట్టే ఉండట్లేదమ్మా," అని మొదటిరోజే చెప్పేశారు. మళ్ళీ మోకరించాలన్నదే ఆవిడ కోరిక.

ప్రొఫెసర్ నడుముకు కట్టుకునే బెల్టులు తెచ్చాడు. మనిషి పడితే బెల్టు కూత పెడుతుంది, అతని ఫోన్‌కు కబురు వెళ్తుంది. పోలిక కోసం ముందు నా శిష్యురాళ్ళకు కట్టాం. క్లాసు మొదలవగానే పిల్లలు అలవాటుగా కిందికి వంగి, నేలను తాకి కళ్ళకద్దుకున్నారు. బెల్టులన్నీ ఒక్కసారిగా కూశాయి. కంప్యూటర్ దృష్టిలో నా క్లాసు మొత్తం అడుగైనా వేయకుండానే కుప్పకూలింది.

"దీదీ, యే నమస్కార్ హటా దేతే హై. డేటా క్లీన్ ఆయేగా," అన్నాడతను.

నాకు ఒళ్ళు మండింది. "తొక్కబోతున్న నేలను క్షమించమని అడగడమది. నమస్కారం తీసేస్తే నన్నూ తీసేయండి ప్రొఫెసర్ గారూ," అన్నాను. ఇద్దరి ఒప్పుదలా కావాలి కదా, నేను ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు ఒకే గదిలో కూర్చుని ఈమెయిళ్ళు రాసుకున్నాం. అతని ఈమెయిళ్ళ చివర 'రిగార్డ్స్' ఉండేది. దాన్ని చూస్తే ఇంకా మండేది.

ఆ ముభావం మధ్యలోనే ఒకరోజు, పిల్లల నమస్కారం చూస్తూ ఆంటీ అన్నారు. "ఈ గుండ్రం మీద నడక బాగానే ఉందమ్మా. కానీ నా భయం పడతానని కాదండి, పడితే లేవలేనేమోనని. ఆ పిల్లల్లాగా కిందకెళ్ళి లేవడం నేర్పండి."

లాప్‌టాప్ మూయబోతున్న ప్రొఫెసర్ ఆగాడు. "అచ్ఛా," అని మళ్ళీ తెరిచి నన్ను పిలిచాడు. గ్రాఫులో బెల్టు పడిపోయారన్న ప్రతి చోటా, ఆ వెంటనే పైకి లేచిన గీత కూడా ఉంది. పడ్డవాళ్ళు లేవడమెలా, మనం అడగాల్సిన ప్రశ్న ఇదేనన్నాడు. నాకూ అదే తట్టింది, అతను ముందనేశాడని కాస్త కుళ్ళుకున్నాను.

ప్రశ్న మారుస్తామని ఫౌండేషన్‌ను అడిగితే, వచ్చి చూస్తామన్నారు. వాళ్ళు వచ్చిన రోజు మిగతా పెద్దవాళ్ళు కుర్చీ పట్టుకుని దిగారు, నేల తాకారు, లేచారు. ఆంటీ వంతు వచ్చింది. కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఇవాళ వద్దమ్మా," అన్నారు.

నేను బలవంతపెట్టలేదు, ప్రొఫెసరూ పెట్టలేదు. నిధులకు నీళ్ళొదులుకున్నట్టే అనుకున్నాను. కానీ ఇచ్చారు. వద్దన్న మనిషి దగ్గర మేమిద్దరం ఆగడం వాళ్ళకు నచ్చిందట. ఆ సాయంత్రం ఇద్దరం క్లబ్‌హౌస్ మెట్ల మీద కూర్చుని సమోసాలు తిన్నాం. చాలా హాయిగా అనిపించింది.

ఆ తర్వాత బెల్టులు ఇళ్ళకూ పంపాం, రోజంతా కట్టుకోమని. ఒక ఆదివారం పొద్దున ప్రొఫెసర్ ఫోన్ చేశాడు.

"దీదీ, ఆంటీ గిర్ గయీ. ఫోన్ నహీ ఉఠా రహీ."

ఆంటీ పడిపోయారని బెల్టు నుంచి అతనికి కబురొచ్చిందట. ఆవిడకు చేస్తూనే ఉన్నాను, ఎత్తలేదు. కాబ్ కోసం గేటు దాకా పరిగెత్తేసరికి ఆవిడే చేశారు. వెనక పాట వినిపిస్తోంది.

"అన్నిసార్లు చేసేరేంటమ్మా? చర్చిలో ఉన్నాను. మోకాళ్ళ మీదుంటే ఫోనెలా ఎత్తుతానండి?"

గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యా కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి, మోకరించారట అని చెప్పాను.

"లేచారా?" అన్నాడతను, తెలుగులో.

"లేచారు," అన్నాను.