సన్యాసిరావు రేడియం చేపలు

భావనపాడు రేవులో సన్యాసిరావుకి మంచి గాలం మనిషని పేరు. వలలు వేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గానీ, ఒంటి తాడుతో వంజరం చేపని అలిసిపోయేదాకా ఆడించి పడవలోకి తెచ్చే ఓపిక అందరికీ ఉండదు. అలాంటి మనిషికి కిడ్నీలు పోయాయి. ఆ ఉద్దానం ఊళ్ళలో అదేమంత వింత కబురు కాదు. ఏ ఇంటికి వెళ్ళినా మేకుకి ఒక మందుల సంచీ వేలాడుతూ కనబడుతుంది. అయినా తన ఇంట్లో ఆ మేకు కొట్టిననాడు, భార్య నూకరత్నం సుత్తి చేత పట్టుకుని చాలాసేపు గోడకేసి చూస్తూ నిలబడిపోయింది.

అప్పటినుంచి అతనికి పలాసలో డయాలసిస్, ఇంట్లో మంచం. నీళ్ళు కూడా కొలిచి తాగాలి. నూకరత్నం చేపలు ఎండబెట్టి టెక్కలి సంతకి మోసుకెళ్ళి ఇల్లు నడిపేది. ఇంట్లో సముద్రం మాట ఎవరూ ఎత్తేవారు కారు.

ఒకరోజు ఆసుపత్రిలో కరెంటు పోయింది. చీకట్లో తలుపు మీది బాణం గుర్తు పచ్చగా వెలగడం సన్యాసిరావు కంటబడింది. ఇంటికొచ్చే దారంతా అదే ధ్యాస. "అలాటి రంగు గాలానికి కట్టే సెక్కసేపకేస్తే, తెల్లారకముందు మసక నీళ్ళలో వంజరం దూరంనించే సూడదేటే?" అన్నాడు. ఎన్నాళ్ళకో అతని నోట సముద్రం మాట వచ్చింది. పలాసలో బళ్ళకి స్టిక్కర్లు అంటించే దుకాణం వాణ్ణి బతిమాలి, చీకట్లో వెలిగే రేడియం పొడి తెప్పించింది నూకరత్నం.

బూరుగు చెక్కతో వేలెడంత చేపలు చెక్కేవాడు. మొదట పడవలకి వేసే నీలం రంగులో పొడి కలిపి పూశాడు. ఏమీ వెలగలేదు. ముదురు రంగు వెలుగుని మింగేస్తోందని గ్రహించి, కింద తెల్లరంగు పూసి, నీళ్ళలాంటి వార్నిష్‌లో పొడి కలిపి పైన వేశాడు. పొడి బరువుకి అడుక్కి దిగిపోయేది. అందుకని అతను పూస్తుంటే ఆమె పక్కన కూర్చుని చీపురుపుల్లతో కలుపుతూ ఉండేది. ఒక పూత ఆరాక ఇంకొకటి, చివర తడి చొరబడకుండా ఉత్త వార్నిష్. కాసేపు ఎండలో పెట్టి, మిట్టమధ్యాహ్నం ఇద్దరూ దుప్పటి ముసుగేసుకుని చూశారు. అతని అరచేతిలో చేప లేతపచ్చగా వెలుగుతోంది. ఆ వెలుగులో మొగుడి మొహం, ఉబ్బిన కళ్ళతో సహా, పెళ్ళినాటి మొహంలా తోచింది నూకరత్నానికి.

ఆ చేపల్ని నూకరత్నం తమ్ముడు గోవింద్ పడవ మీదకి తీసుకెళ్ళాడు. వంజరాలు బాగానే పడ్డాయి. మిగతా పడవలవాళ్ళూ కావాలన్నారు. సన్యాసిరావు మంచం దిగి వసారాలోనే పని పెట్టుకున్నాడు. ఆమె రేవునించి రాగానే అదే ప్రశ్న. "ఏటంటన్నారే మన సేపల్ని?"

"నీది మంచి సెయ్యంటన్నారు మావా," అనేది.

నిజానికి రేవులో ఆ మాట ఎవరూ అనలేదు. గోవింద్ వాటిని విశాఖపట్నంనించి తెప్పించానని చెప్పుకున్నాడు. అది విన్ననాడు ఆమె తమ్ముణ్ణి పక్కకి పిలిచి నిలదీసింది.

"ఏటి సెయ్యమంటావప్పా?" అన్నాడు గోవింద్ తల దించుకుని. "రోగపు సేత్తో సేసింది పడవెక్కితే పడవకీ అరిష్టమంటారు. బావ సేసినాడంటే ఒక్కడూ ముట్టడు."

ఆమె ఆ మాటని కడుపులోనే దాచుకుంది.

ఒక సాయంత్రం నూకరత్నంతో పలాసనించి తిరిగొస్తూ సన్యాసిరావు ఆటోని రేవు దగ్గర ఆపించాడు. ఇసకలో వల బాగుచేసుకుంటున్నాడు ముసలి అసిరయ్య. సన్యాసిరావుకి గాలం నేర్పినవాడు అతనే.

"రేడియం సేపలు బాగున్నాయా మావా?"

"గోవిందు విశాపట్నంనించి తెచ్చినవా? బాగానే ఉన్నాయి," అన్నాడు అసిరయ్య ఆప్యాయంగా. "నీకెందుకురా ఇప్పుడా గోల. ఇంటికెల్లి తొంగో."

సన్యాసిరావు పెళ్ళాం వైపు చూశాడు. ఆమె చూపు తిప్పేసుకుంది. ఇంట్లోకొచ్చాక మంచం మీద కూర్చుని అన్నాడు. "నీకూ తెలుసు."

"తెలుసు."

"మరి మంచి సెయ్యన్నారని సెప్పినావు."

"నీ మొకం సూసి సెప్పినాను."

"గోవిందంటే పడవోడు, ఆడి బాధ ఆడిది," అన్నాడు మెల్లగా. "నువ్వు సెప్పినావనే నానవి సేసేవోణ్ణి."

మర్నాటినించి ఉలి ముట్టలేదు. తెల్లరంగు దాకా వచ్చిన చేపలు వసారాలో దారాలకి వేలాడుతూనే ఉన్నాయి. పూత వెయ్యమని ఆమె బతిమాలితే చేతులు వణుకుతున్నాయనేవాడు. అన్నం తినేటప్పుడు ఆ చేతులు వణికేవి కావు. వానలు మొదలయ్యాక ఆయాసం ఎక్కువై, పలాస ఆసుపత్రిలోనే పోయాడు.

కర్మకాండ అయ్యాక గోవింద్ వచ్చాడు. పాతవాటి పూత పెచ్చులూడిపోయిందట. "బావ ఎలా సేసేవోడో నీకు తెలుసు కదప్పా. కొన్ని సేసియ్యి."

"మీ బావ సేసినాడని రేవులో సెప్పు. అప్పుడు సేత్తాను."

గోవింద్ కాదనలేకపోయాడు. అందరూ ఉండగా చెప్పేశాడు. కొందరు తాళ్ళకున్న చేపల్ని కోసి ఇసకలో పారేశారు. అసిరయ్య తనది విప్పి చాలాసేపు చేతిలో పట్టుకుని, గోవింద్‌కి తిరిగిచ్చేసి, వల పనిలో పడిపోయాడు.

అదంతా విని నూకరత్నం ఏడవలేదు. వసారాలో చేపల్ని దించింది. వానలకి పొడి చెమ్మగిలి గడ్డకట్టింది. నలిపి కలిపింది గానీ, ఒక చేత్తో కలుపుతూ ఒక చేత్తో పూస్తుంటే పూత ఎగుడుదిగుడుగానే వచ్చింది. ఎండకి పెట్టింది గానీ దుప్పటి కప్పుకుని చూడబుద్ధి కాలేదు. గోవింద్‌ని పిలిచి అన్నీ అతని చేతికిచ్చేసింది.

"ఎలుగుతాయా అప్పా?"

"తెల్దు. నీళ్ళలో ఏసి సూసుకో," అని, సంతకని చేపలు ఆరబెట్టిన చోటుకి వెళ్ళిపోయింది. అప్పటికే మబ్బు పట్టింది. తడవకముందే అన్నీ ఎత్తుకోవాలి.