నంబరు గోకేసిన ఫోన్

మా ల్యాంపు రూమ్‌లో ఎల్లేశానికి మనుషుల పేర్లు గుర్తుండేవి కావు, నంబర్లే గుర్తుండేవి. గోదావరిఖనిలో మా బొగ్గు బాయిలోకి దిగే ఆరువందల మందిలో ఎవరి టోపీకి ఏ లైటో, ఎవరి లైటు నిన్న మసకబారిందో, ఎవరు వైరు పట్టుకుని గుంజే రకమో అన్నీ ఆయనకు నోటికి వచ్చు. మనిషి కిటికీ దగ్గరికి రాకముందే లైటు తీసి బల్ల మీద పెట్టేవాడు. ఇంటికి ఎవరైనా పెండ్లి పత్రిక ఇవ్వడానికి వస్తే కూడా, నాలుగువందల పన్నెండు వచ్చిండు, చాయ్ పెట్టు అని భార్య ఐలవ్వకు చెప్పేవాడట. మేం పగలబడి నవ్వేవాళ్లం. ఆయన ముఖంలో మాత్రం నవ్వు ఉండేది కాదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. షిఫ్టు అయిపోయి అందరూ పైకి వచ్చాక లైట్లు తగిలించే ఏ కొక్కెం ఖాళీగా ఉందో చూస్తేనే కింద ఎవరు మిగిలిపోయారో తెలిసేది. ఇరవై ఏండ్లలో మూడుసార్లు ఆ ఖాళీ కొక్కేన్ని ముందుగా చూసింది ఎల్లేశమే. అందుకే లైటు మీది నంబరు అరిగిపోతే ఎంత పెద్ద సారు వచ్చి అరిచినా ఆ లైటు బయటికి ఇచ్చేవాడు కాదు. పక్కన పెట్టి, కొత్త నంబరు బిళ్ళ బిగించాకే ఇచ్చేవాడు. నేను ఆయన పక్కనే చార్జింగ్ పని చేసేవాణ్ణి. ఈ చాదస్తంతో నా ప్రాణం తోడేస్తున్నాడని రోజూ సణిగేవాణ్ణి.

ఆయనకు ఒక్కతే బిడ్డ, జమున. అల్లుడు ప్రశాంత్‌ది నస్పూర్ దగ్గర బాయిలో పని, అక్కడే క్వార్టర్. జమునది అరుదుగా దొరికే నెగెటివ్ రక్తం. ఎల్లేశానిదీ అదే గ్రూపు. రెండువేల ఏడులో తొలి కాన్పుకు మంచిర్యాల దవాఖానలో ఆమెకు రక్తం ఆగకుండా పోయింది. ల్యాంపు రూమ్ ఫోన్‌కు కబురు వస్తే, ఈయన అటు స్టోరుకు పోయి ఉన్నాడు. గంట ఆలస్యంగా తెలిసింది. పరుగెత్తుకుంటూ పోయి రక్తం ఇచ్చాడు. జమున బతికింది, పసిగుడ్డు దక్కలేదు. మళ్లీ కడుపుతో ఉంటే రక్తం ఇచ్చే మనిషిని దగ్గర పెట్టుకోవాలని డాక్టరమ్మ కార్డు మీద ఎర్ర సిరాతో రాసి ఇచ్చింది. ఆ నెలలోనే ఎల్లేశం సెల్‌ఫోన్ కొన్నాడు. అది మోగేది జమున కోసమే. ఇంకెవరు చేసినా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు.

రెండువేల తొమ్మిది చివరికి జమునకు మళ్లీ నెలలు నిండాయి. ఐలవ్వ ముందే నస్పూర్ పోయి బిడ్డ దగ్గర ఉంది. ఎల్లేశం సెలవులన్నీ కాన్పు తర్వాతకు దాచుకుని డ్యూటీ చేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ జేబులోంచి జారి బ్యాటరీల ఆసిడ్ తొట్టిలో పడింది. సిమ్ ఒక్కటే మిగిలింది. అవి తెలంగాణ బందులు మొదలైన రోజులు. లక్ష్మీనగర్ బజారులో ఒక్క దుకాణం తెరిచి లేదు. ఫోన్లు బాగుచేసే ఖాజా కూడా షట్టర్ దించి ఇంట్లో కూర్చున్నాడు.

నా దగ్గర ఫోన్ ఉంది. నాలుగు రోజులు వాడుకొమ్మని నేను అనలేదు. నా భార్య పుట్టింట్లో ఉండేది, పొద్దూకితే ఆమెతో మాట్లాడాలి. ఎల్లేశం అడిగే మనిషి కాడు. అడగలేదు కదా అని నేనూ ఊరుకున్నాను. ఇందులో ఇంకెవరి తప్పైనా మాఫీ చేస్తాను గాని, నాది చెయ్యలేను.

బందు మూడో రోజు, మొదటి షిఫ్టు దిగిన వేళ, ఒక మనిషి కిటికీ దగ్గరికి వచ్చాడు. ముఖం నిండా బొగ్గు, కనురెప్పల అంచుల్లో మసి. ఇంకో బాయి పేరు చెప్పి, తనకు దూరం బదిలీ అయిందని, బస్సుల్లేక ప్రైవేటు జీపులో పోవాలని, చేతిలో పైసల్లేక ఫోన్ అమ్ముతున్నానని అన్నాడు. ఫోన్ కొత్తదానిలాగే ఉంది. అడిగింది సగం ధర కూడా కాదు. ఎల్లేశం నా వైపు చూశాడు.

"నంబరడుగే అన్నా," అన్నాను.

మా బాయి మీద మనిషి మంచివాడా కాడా అని అడగం. డ్యూటీ నంబరు అడుగుతాం. దొంగ మాట చెప్పేవాడు నంబరు దగ్గర తడబడతాడని మా నమ్మకం. వాడు తడబడలేదు. పదకొండు నలభై మూడు అన్నాడు టక్కున, రెండో షిఫ్టులో తన పై సారు ఎవరో కూడా చెప్పాడు. పైగా కళ్ల చుట్టూ ఆ మసి. రైల్వే సైడింగ్‌లో వ్యాగన్లెక్కి బొగ్గు దొంగిలించేవాళ్ల కళ్ల చుట్టూ కూడా అదే మసి ఉంటుందని మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. డబ్బా అడగలేదు. బిల్లు అడగలేదు. ఎల్లేశం పైసలిచ్చి, సిమ్ వేసుకుని, అక్కడే నిలబడి బిడ్డకు ఫోన్ చేశాడు. మాట్లాడి పెట్టేసరికి ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి అప్పటికే గేటు దాటాడు.

బందు సడలిన రోజు చార్జర్ కోసం ఖాజా దుకాణానికి ఇద్దరం పోయాం. ఖాజా ఫోన్ వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, కింద చూసి, దాన్ని మా ముందు పెట్టాడు. ప్రతి ఫోన్‌కూ అక్కడ ఒక చీటీ మీద దాని నంబరు ఉంటుందట. దీనికి చీటీ ఉంది, నంబరును మాత్రం బ్లేడుతో గోకేశారు.

"ఎల్లేశన్నా, ఇది చోరీ మాల్ లెక్కున్నది. డబ్బా లేదు, బిల్లు లేదు. నా మాటిని ఇయ్యాల్నే ఠాణల ఇచ్చి రా. ఎవలిదో ఏం లొల్లి ఉన్నదో మనకెర్క లేదు," అన్నాడు ఖాజా.

ఎల్లేశం చాలాసేపు ఆ గీతల వైపు చూశాడు. నంబరు లేని లైటును చేత్తో ముట్టని మనిషి. నేను నా ఫోన్ నుంచి ఆ ఇంకో బాయి ల్యాంపు రూమ్‌కు ఫోన్ చేశాను. పదకొండు నలభై మూడు అనే ఆయన రిటైరై రెండేండ్లయిందని చెప్పారు.

"పది రోజులాగు ఖాజా," అన్నాడు ఎల్లేశం. "బిడ్డ కాన్పు కానీ. నేనే పొయ్యి ఇచ్చొస్త."

వెంటనే ఇంకో ఫోన్ కొనమని ఖాజా పోరు పెట్టాడు. దుకాణంలో ఉన్నవి రెండే, రెండూ బాగుచెయ్యడానికి వచ్చినవే. రేపు కరీంనగర్ నుంచి సరుకు వస్తుందన్నాడు. తెల్లారి మళ్లీ బందు.

ఫోన్ కొన్న పన్నెండో రోజు పొద్దున షిఫ్టు మారే టైముకు పోలీసు జీపు వచ్చింది. రెండువందల మంది చూస్తుండగా ఎల్లేశం కాలర్ పట్టి ఎక్కించారు. రాజీవ్ రహదారి పక్కన ఒక లారీ డ్రైవర్ను కొట్టి దోచుకున్నారు, అతను వారానికి చచ్చిపోయాడు. ఆ ఫోన్ అతనిది. బయటి చీటీ గోకినా లోపలి నంబరు అట్లే ఉంటుందట, ఏ సిమ్ వేసినా పోలీసులకు ఎక్కడుందో తెలిసిపోతుందట. హత్య కేసులోని ఫోన్‌లో సొంత సిమ్ వేసుకుని తిరిగే అమాయకుడు హంతకుడెట్లా అవుతాడని ఆ ఎస్సై ఒక్క నిమిషం ఆలోచిస్తే పోయేది. ఆలోచించలేదు.

తర్వాత జరిగింది ఎల్లేశం నాకు ఒక్కసారే చెప్పాడు. స్టేషన్‌లో ఫోన్ బల్ల మీద ఉంది. పది గంటలకు మోగింది. మళ్లీ మోగింది. నాలుగుసార్లు మోగింది. నా బిడ్డ సారూ, రక్తమియ్యాలె, ఒక్కసారి మాట్లాడనియ్యుండ్రి అని ఈయన కాళ్ల మీద పడ్డాడు. పట్టుబడ్డ ప్రతివాడికీ అదే రోజు బిడ్డ కాన్పు వస్తుందని కానిస్టేబుల్ అన్నాడట. ఎస్సై తెర మీది నంబరు చూసి, ముఠాలో ఇంకొకడు దొరికాడని కాగితం మీద రాసుకున్నాడు. అది ప్రశాంత్ నంబరు. ఆ తర్వాత ఫోన్ బందు పెట్టి గుడ్డలో చుట్టించాడు.

పదకొండు గంటలకు ల్యాంపు రూమ్ ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. ప్రశాంత్. ఆడపిల్ల పుట్టిందట, జమునకు మాత్రం రక్తం ఆగడం లేదట. బందులో తిరిగి తిరిగి ఒక్క సీసా సంపాదించారు, అది చాలదు.

"మామ ఫోన్ బందొస్తున్నది కాకా. మామను జల్ది తోలియ్యి," అన్నాడు.

నేను యూనియన్ సదయ్యను వెంటబెట్టుకుని స్టేషన్‌కు ఉరికాను. ఎస్సై ఊరేగింపు బందోబస్తుకు పోయాడు. ఆయన వచ్చేదాకా మనిషిని వదిలే అధికారం తనకు లేదని స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ అన్నాడు. డాక్టరమ్మ కార్డు ఎల్లేశం జేబులోనే ఉంది. అది చూపించాం. రైటర్ చదివాడు, పాపం అన్నాడు, మమ్మల్ని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టాడు. పన్నెండు, ఒకటి, రెండు. ఎల్లేశం కటకటాల అవతల నిలబడే ఉన్నాడు. ఒక్కసారి కూడా కూర్చోలేదు. మూడున్నరకు ఎస్సై వచ్చి, కార్డు చూసి, సంతకాలు తీసుకుని వదిలాడు.

సదయ్య బండి మీద ముగ్గురం పోయాం. దారి పొడవునా రోడ్డు మీద రాళ్లు, కాలుతున్న టైర్లు. గోదావరి బ్రిడ్జి దాటేసరికి అయిదు. దవాఖాన మెట్ల మీద ఐలవ్వ కూర్చుని ఉంది. ఒడిలో పసిపాప. ఆమె ముఖం చూడగానే నాకు అర్థమైంది. సదయ్యకు అర్థమైంది. ఎల్లేశం ఆగలేదు. ఆమెను దాటి లోపలికి పోయి, రక్తం తీసే గదిలో బెంచీ మీద కూర్చుని, చొక్కా చేతిని భుజం దాకా మడిచి చెయ్యి చాపాడు.

"నేనొచ్చిన, తీస్కోండ్రి," అన్నాడు.

నర్సు నా వైపు చూసింది. జమున పోయి అప్పటికి గంటన్నర. ఎవరు చెప్పాలి? ఆయన చాపిన చెయ్యి అట్లాగే ఉంది. చివరికి ఆ నర్సు పిల్లే వచ్చి, మడిచిన చొక్కాను మెల్లగా కిందికి దించి గుండీ పెట్టింది. అప్పుడు ఏడ్చాడు. అట్లాంటి ఏడుపు నేను బాయి ప్రమాదాల్లో కూడా వినలేదు.

జమున దినాలు కాకముందే ప్రశాంత్‌ను కూడా స్టేషన్‌కు పిలిచారు, ఆ రోజు నాలుగుసార్లు ఎందుకు ఫోన్ చేశావని అడగడానికి. రెండు నెలలకు అసలు దొంగ దొరికాడు. గుర్తుపట్టడానికి ఎల్లేశం పోయి, వేలు చూపించి వచ్చేశాడు.

ఆ తర్వాత ఆయన కిటికీ దగ్గర పని మానుకుని లోపల బ్యాటరీలు కడిగే పని అడిగి తీసుకున్నాడు. సొంత ఫోన్ మళ్లీ కొనలేదు. డ్యూటీ దిగాక ఖాజా దుకాణంలో బెంచీ మీద కూర్చునేవాడు. ఎవరైనా పాత ఫోన్ పట్టుకొస్తే ఖాజా కంటే ముందు తానే అందుకుని, మూత తీసి, నంబరు చదివి, డబ్బా మీది నంబరుతో కలిపి చూసేవాడు. కలవకపోతే ఫోన్ వాళ్ల చేతిలో పెట్టి స్టేషన్ దాకా వెంట నడిచేవాడు. కొందరు ఈ ముసలాయనకు పిచ్చి అన్నారు. ఖాజా మాత్రం ఒక్కనాడూ వద్దనలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు, నేను రిటైరైన నెలలో, నా మనవరాలి కోసం ఒక పాత ఫోన్ బేరం చేసుకుని ఆ దుకాణానికి పోయాను. ఎల్లేశం దాన్ని తిరగేసి చూశాడు, డబ్బా చూశాడు, బిల్లు మీది పేరు చదివాడు. అమ్మిన ఆయన ఇల్లు ఎక్కడో అడిగాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"మంచిగనే ఉన్నది, తీస్కో తమ్మీ," అన్నాడు. ఫోన్ మాత్రం ఇంకా నా చేతికి ఇవ్వలేదు. "ఆనాడు నీ ఫోన్ అడుగుదామనే అనుకున్న. నీకు కష్టమైతదని అడగలే."

నేను ఆ ఫోన్ కొనలేదు. డబ్బాతో సహా అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.