దారం ఎక్కించే వేళ

"వాడి కెమెరా నా చేతికివ్వు, నేనూ తీస్తాను. నేనే ఏంటి, గోడ మీద బల్లి కూడా తీస్తుంది. ఇరవై ఏళ్ల నుంచి ఈ మాట అంటూనే ఉన్నాను, ఎవరి దగ్గరా దాచలేదు" అన్నాడు స్క్రూల బాబాయి, కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే.

ఎదురుగా చెక్క స్టూలు మీద కూర్చున్న మనిషి నవ్వాడు. అతను మూడు నెలల కిందట తన తండ్రి వాడిన పాత కెమెరా బాగుచేయించుకుందామని ఈ మేడ మీది గదికి వచ్చాడు. కెమెరా వారంలోనే బాగయింది. కబుర్లకు అలవాటుపడి అతనే మానలేక వస్తున్నాడు.

గది మూడడుగుల బల్లకి, రెండు కుర్చీలకి సరిపోయేంత. బల్ల మీద పట్టకార్లు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, స్పిరిట్ సీసా. విప్పిన స్క్రూలు విప్పిన వరుసలోనే ఒక తెల్ల పళ్లెంలో ఉంటాయి. ఆ పళ్లెం మీదుగా తుమ్మినవాడిని బాబాయి జన్మలో క్షమించడు. ఊళ్లో ఫోటోలు తీసేవాళ్లందరి కెమెరాలూ ఏదో ఒక రోజు ఆ బల్ల మీద పొట్ట తెరుచుకుని పడుకోవలసిందే. అన్ని కెమెరాలూ అతని చేతిలో పడ్డాయి, ఒక్కటీ అతనిది కాలేదు. పెళ్లివాళ్ల ఇంట్లో వంట చేసి ఇంటికెళ్లి గంజి తాగేవాడిలా ఉంది నా బతుకు అనేవాడు.

అతని కడుపుమంటకి ఒక పెద్ద చిరునామా ఉంది. దానికి పేరు కూడా బాబాయే పెట్టాడు, ఫిరంగి అని. మోచేయంత లెన్సు మెడకి వేలాడేసుకుని తిరిగే పేరున్న ఫోటోగ్రాఫరు. బాబాయి కన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, మర్యాదస్తుడు. మెట్లెక్కుతూనే "బాబాయ్, బాగున్నావా" అని పలకరిస్తాడు, చెప్పిన రోజుకి వస్తాడు, బేరమాడడు. అసూయ పడేవాడికి ఇంతకన్నా కష్టం ఏముంది? తిట్టడానికి ఒక్క సందూ ఇవ్వడు. అందుకని బాబాయి అతన్ని వదిలేసి అతని కెమెరాని పట్టుకున్నాడు. పత్రికలో ఫిరంగి ఫోటో పడితే, అది లెన్సు తీసింది అనేవాడు. బహుమతి వస్తే, ఆ బహుమతి కెమెరా కంపెనీకి ఇవ్వాలి అనేవాడు. భార్య వినీ వినీ, "ఆడలేక మద్దెల ఓడు అంటారు. మీరు మాత్రం పక్కవాడు బాగా ఆడితే మద్దెల మంచిది అంటారు" అని ఒకసారి అనేసింది.

మంట సంగతి అలా ఉంచితే, పనిలో బాబాయికి ఒక పద్ధతి ఉంది. బాగుచేసిన ప్రతి కెమెరాని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి, వీధికి అవతల మేడ మీద ఉన్న కిటికీని ఒక్క ఫోటో తీస్తాడు. అది ఒక కుట్టుపనావిడ గది. కిటికీకి సన్నటి ఊచలున్నాయి, లెన్సు సూటిగా ఉందో లేదో అవి చెబుతాయి. బయట తెల్లగోడ, లోపల చీకటి, వెలుతురు లెక్క అక్కడ తేలుతుంది. కుట్టుమిషను చక్రం తిరుగుతూ ఉంటుంది, షట్టరు సంగతి అది చెబుతుంది. ఫోటో తీసి, నాలుగు మూలలూ భూతద్దంతో చూసి, సరే అనుకుంటే కెమెరా మూత పెట్టేస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే కిటికీ. రీళ్లున్న రోజుల్లో తీసినవి ఒక బిస్కెట్ల డబ్బాలో, తర్వాతివి మూలనున్న పాత కంప్యూటరులో. ఎవరికీ చూపించలేదు. ఫోటోలు అనుకుంటే కదా చూపించడానికి.

మామూలుగా సొంత మెమరీ కార్డు వేసి తీసేవాడు. కిందటేడు ఒకరోజు ఫిరంగి కెమెరా బాగుచేశాక, అందులో ఉన్న కార్డు మార్చడానికి బద్ధకించాడు. ఆ మోచేతి లెన్సుతోనే, ఫిరంగి కార్డు మీదే తీశాడు. తన కంప్యూటరులోకి ఎక్కించుకున్నాడు కానీ, కార్డులోంచి చెరిపేద్దామనుకునేలోపే ఫిరంగి మెట్లెక్కి వచ్చి, ప్రయాణం ఉందని కెమెరా సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. బాబాయి ఆ సంగతే మర్చిపోయాడు.

"మొన్న వాడి ప్రదర్శన పెట్టారుగా, లైబ్రరీ పై హాల్లో. మీ పిన్ని లాక్కెళ్లింది" అన్నాడు బాబాయి. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఇక పని సాగదని స్టూలు మీది మనిషికి అర్థమైంది.

హాల్లో గోడలనిండా ఫోటోలు. బాబాయి ఒక్కోదాని ముందు నిలబడి తీర్పు చెబుతూ నడిచాడు. ఇది లెన్సు. ఇది కూడా లెన్సు. ఇది విమానం టికెట్టు. భార్య నాలుగడుగులు ఎడంగా నడిచింది, తన మనిషి కాదన్నట్టు. అలా మూడో గోడ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

పెద్ద ఫోటో అది. చాలా భాగం చీకటే. ఆ చీకట్లోంచి ఒక చెయ్యి, ఒక గడ్డం, బిగబట్టిన పెదవులు. వేళ్ల మధ్య సూది ఉందని తెలుస్తోంది కానీ సూది కనపడదు. దారం కొస మాత్రం వెలుగుతోంది, నిప్పు అంటించినట్టు. ఆ కొస సూదిలోకి ఇంకా వెళ్లలేదు. చూసేవాడు కూడా ఊపిరి బిగబట్టాల్సిందే.

ఇరవై ఏళ్లలో మొదటిసారి లెన్సు మాట నోటికి రాలేదు. అంతమందిలో, తనలో తనే ఒప్పుకున్నాడు: ఇది కెమెరా తీయలేదు, వీడే తీశాడు, వీడికి కన్నుంది. ఇన్నాళ్లూ కెమెరాని చూసి కుళ్లుకోవడం ఎంత సుఖంగా ఉండేదో అప్పుడు తెలిసింది. కెమెరా కావాలంటే పోగేసి కొనుక్కోవచ్చు. కన్ను ఏ కొట్లో దొరుకుతుంది?

అక్కడికీ ఊరుకోలేదు. రిపేరు చేసే బుద్ధి ఎక్కడికి పోతుంది? ఏదైనా లోపం దొరుకుతుందేమోనని మూలలు వెతికాడు. ఎడమ మూలలో, మసగ్గా, కిటికీ ఊచలు. మూడో ఊచ మధ్యలో కొంచెం లోపలికి వంగి ఉంది.

ఆ వంపు అతనికి సొంత చేతివేళ్ల కన్నా బాగా తెలుసు. ముప్పై ఏళ్లుగా ప్రతి లెన్సునూ ఆ వంపు మీదే కదా సరిచూస్తున్నాడు.

"ఎవరి ఫోటో చూసి అంత ఏడ్చానో తెలుసా? నాది" అన్నాడు బాబాయి.

మంట తగ్గలేదట, ఇంకా పెరిగింది. గుమ్మం దగ్గర వచ్చినవాళ్లు అభిప్రాయాలు రాసే పుస్తకం ఉంది. సగం మంది ఆ దారం గురించే రాశారు. 'ఏం కన్ను సార్ మీది' అని ఒకరు. 'చేతులెత్తి దండం' అని ఇంకొకరు. తనకి రావలసిన దండాలు పక్కవాడి ఇంటికి చేరుతుంటే బాబాయి పేజీ పేజీ తిప్పి చదివాడు. భార్యకి చెప్పాడు. ఆవిడ నమ్మింది, ఆశ్చర్యపోలేదు, అదే అతనికి ఇంకో వింత. మరి వెళ్లి చెప్పండి అంది.

ఏమని చెప్పను అన్నాడు. కెమెరా వాడిది, లెన్సు వాడిది, కార్డు వాడిది. ఊరంతటికీ చెప్పి పెట్టాడాయె, ఆ కెమెరా ఉంటే ఎవడైనా తీస్తాడని. ఇప్పుడు నేనే తీశాను అంటే, అవును బాబాయ్, నువ్వే అన్నావుగా, అంటారు.

"ఎవడైనా తీస్తాడన్నారు. ఆ ఎవడో మీరే అయ్యారు, అంతేగా" అంది భార్య.

నా నోరే నన్ను తిన్నది అని ఇంటికొచ్చి కూర్చున్నాడు. మర్నాడు బిస్కెట్ల డబ్బా దించాడు, కంప్యూటరు తెరిచాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి మూలలు వదిలేసి మధ్యలో చూశాడు. చాలా మటుకు ఏమీ లేవు, ఒట్టి కిటికీలు. కానీ అక్కడక్కడ ఒకటి అతన్ని ఆపేసేది. ఒక చదువుకునే పిల్లది తెచ్చిన చవక కెమెరాతో తీసినది: కుట్టుపనావిడ మిషను మీద తల వాల్చి నిద్రపోతోంది, చేతికింద సగం కుట్టిన గౌను. ఆటబొమ్మ లాంటి ప్లాస్టిక్ కెమెరాతో తీసినది: ఆవిడ ఎవరితోనో దెబ్బలాడుతోంది, నోట్లో గుండుసూదులు.

పక్కన నిలబడి చూస్తున్న భార్య ఒక మాట అడిగింది. అన్నింటిలోనూ వెలుతురు ఒకేలా ఉందేం?

నిజమే. సాయంత్రం నాలుగూ నలభైకి ఇటువైపు రెండు మేడల సందులోంచి ఎండ వెళ్లి ఆ కిటికీ మీద పది నిమిషాలు పడుతుంది. కుట్టుపనావిడకి చూపు ఆనదు. అందుకని ఆ ఎండలోనే రేపటి సూదులన్నింటికీ దారం ఎక్కించి పెట్టుకుంటుంది, ఆ వెంటనే కళ్లలో పడుతోందని పరదా లాగేస్తుంది. బాబాయి పొద్దున్నే బాగయిన కెమెరాని కూడా ఐదు లోపల ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఎవరు విసుక్కున్నా, టెస్టు కాలేదు అనేవాడు. టెస్టుకి ఏ వేళైతేనేం?

"మీ పిన్ని డబ్బా మూతపెట్టి, కొత్త గుడ్డతో తుడిచి పైన పెట్టింది. అంతకుముందు దాన్ని ఎన్నోసార్లు పారేస్తానంది" అన్నాడు బాబాయి.

నిన్న ఫిరంగి వచ్చాడు. బటను ఒకటి మొరాయిస్తోందని కెమెరా బల్ల మీద పెట్టి, కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చునే మనిషి కాదు. అందరూ ఆ దారం ఫోటో గురించే అడుగుతున్నారని చెప్పాడు. అందులో సంతోషం లేదు.

"ఎక్కడ తీశానో గుర్తు రావడం లేదు బాబాయ్. వేలల్లో తీస్తుంటాను, కార్డులో కనిపించింది. అలాంటిది ఇంకొకటి తీద్దామని ఏడాదిగా తిరుగుతున్నాను. రావడం లేదు" అన్నాడు.

ఆ గొంతులో ఉన్న మంట బాబాయికి కొత్తది కాదు. ఇరవై ఏళ్లుగా తను కాచుకున్నదే. జాలి పడబోయాడు, పడలేకపోయాడు. రేపు సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకి రా అని మాత్రం చెప్పి పంపాడు.

ఆ రేపు ఈరోజే. బాబాయి తన కుర్చీని కిటికీకి ఎదురుగా జరిపి పెట్టాడు. బాగుచేసిన కెమెరా, మోచేతి లెన్సు బిగించి, సిద్ధంగా ఉంది. వాడిని కుర్చీలో కూర్చోబెట్టి, టెస్టు నువ్వే చేసుకో అంటాడట.

స్టూలు మీది మనిషి అడిగాడు, కిటికీని గుర్తుపడితే?

"గుర్తుపడితే మంచిదే. ఏమంటాడో అనుకోనీ. నేను చెప్పాల్సిన పని తప్పుతుంది."

పట్టకపోతే?

బాబాయి పళ్లెంలో స్క్రూలు అటూ ఇటూ కదిపాడు. వరుస చెడిపోయింది. అతను చూసుకోలేదు.

"పట్టకపోతే తీస్తాడుగా. అదే నా బాధ. నాకన్నా బాగా తీస్తేనో?"

గోడ గడియారంలో నాలుగూ పది అయింది. బాబాయి లేచి, ఎదుటి కిటికీ వైపు చూసి, స్టూలు మీది మనిషి భుజం తట్టాడు.

"నాకో సాయం చెయ్యవోయ్. దిగి వెళ్లి ఎదుటి మేడెక్కు. ఆవిడని అక్కయ్యగారూ అని పిలువు, లేకపోతే తలుపు తీయదు. ఈ ఒక్కరోజుకీ ఐదింటిదాకా పరదా వేయొద్దని చెప్పు. నా పేరు చెప్పకు."

అతను గుమ్మం దాటి రెండు మెట్లు దిగాడు. బాబాయి తల బయటికి పెట్టి మళ్లీ పిలిచాడు.

"ఇదిగో, సూదుల్లో దారం మాత్రం ఇప్పుడే ఎక్కించేసుకోమను. ఎండ పడకముందే. చూపు ఆనదంటే, నువ్వే కూర్చుని అన్నీ ఎక్కించి రా."